ఆరు ట్యూబులు చాలు

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఇరవై నాలుగు వాటర్ కలర్ ట్యూబుల డబ్బాతో వచ్చినట్టున్నారు. నేను మొదట కొన్నదీ అదే. మూడేళ్లయ్యేసరికి నీలం అడుగంటింది, ఆకుపచ్చలన్నీ నిండుగా మిగిలాయి.

ఆ డబ్బాతోనే ఒక ఆదివారం హైదరాబాద్‌లో దుర్గం చెరువు దగ్గర బండరాళ్లు వేయబోయాను. బూడిద రంగు ట్యూబు ఉంది కదా అని అదే పూశాను. సిమెంటు గోడలా తేలింది. మన గ్రానైటు పొద్దున గులాబీ రంగులో ఉంటుంది, నీడ పడితే నీలంగా మారుతుంది. ఒక్క ట్యూబుకు అది లొంగదు.

ఇప్పుడు చూడండి. ఇది అల్ట్రామెరీన్ అనే నీలం, ఇది బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు. పాలెట్ మీద, అంటే రంగులు కలిపే పళ్లెంలో, కలిపేయకుండా, తడి కాగితం మీద పక్కపక్కన వదులుతున్నాను. అవే కలుస్తాయి. అల్ట్రామెరీన్ రేణువులు కాగితం గుంటల్లో దిగబడి గరుకుగా ఆరతాయి, రాతిపొడి చల్లినట్టు. నీలం పాలు పెంచితే నీడ, సియెన్నా పెంచితే ఎండ. నీళ్లు తగ్గించి చిక్కగా కలిపితే దాదాపు నలుపే. ఇక నల్ల ట్యూబు దేనికి?

మిగతా నాలుగూ నావి ఇవి: నిమ్మపసుపు, పిరోల్ స్కార్లెట్, క్వినాక్రిడోన్ రోజ్, థాలో బ్లూ. ఎరుపులు రెండెందుకంటారా? స్కార్లెట్ నారింజ వైపు మొగ్గుతుంది. గుల్‌మొహర్ పూలకు బాగుంటుంది కానీ అల్ట్రామెరీన్‌తో కలిపితే మాడిన వంకాయ కూర. రోజ్‌తో కలపండి, నవనవలాడే వంకాయ వస్తుంది. థాలోతో మాత్రం జాగ్రత్త. పసుపులో ఆవగింజంత వేస్తే వేపచిగురు, కాస్త చెయ్యి జారితే ప్లాస్టిక్ బకెట్.

కొనేటప్పుడు పేరు కాదు, ట్యూబు వెనక కోడ్ చదవండి, లోపల ఏ రంగుపొడి ఉందో అది చెబుతుంది. పీబీ 29 అంటే అల్ట్రామెరీన్, ఎవరు తయారుచేసినా. బర్న్‌ట్ సియెన్నా అలా కాదు, ఒకరిది పీబీఆర్ 7, ఇంకొకరిది పీఆర్ 101. రెండు మూడు కోడ్‌లుంటే అది ముందే కలిపిన రంగు. దానికి మీరింకో రెండు కలిపితే బురద అయ్యే అవకాశమే ఎక్కువ. పీఆర్ 83 ఉంటే తిరిగి ఇచ్చేయండి. అది అలిజరిన్ క్రిమ్‌సన్, వెలుతురుకు వెలిసిపోతుంది. దానితో వేసి మా ఇంట్లో కిటికీ ఎదురుగా తగిలించిన మందారాల బొమ్మలో పూలు ఇప్పుడు పాలిపోయి ఉన్నాయి.

సరే, బ్రష్‌లు తీయండి. నీళ్లకు రెండు గ్లాసులు, ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి. ముందు ఒక్క బండ వేద్దాం.