మొకం నేదేటి బాబూ?

ఆకాశవాణి శ్రోతలకు నమస్కారం.

రేడియోలో ఫొటోల గురించి మాట్లాడమన్నారు. చెవులకి బొమ్మలు చూపించడం ఎలాగా అని రెండు రోజులు తల పట్టుకున్నాను. చూపించడం ఎలాగూ కుదరదు కాబట్టి, తీసేటప్పుడు ఏం జరిగిందో చెప్పిపోదామని వచ్చాను.

నాకు నెల్లిమర్లలో మందుల షాపుంది. ఫొటోలు తీయడం నా వృత్తి కాదు, ఆదివారం పిచ్చి. పదేళ్ల కిందట, పెళ్లి ఫొటోలు తీసే మా మేనల్లుడు కొత్త కెమెరా కొనుక్కుని పాతది నాకు అంటగట్టాడు. అప్పటికి మా అమ్మాయి తొమ్మిదో తరగతి, స్కూలు కబడ్డీ టీములో ఆడేది. ఇంకేం, కెమెరా మెడలో వేసుకుని బయల్దేరాను.

ఆ రోజు మూడొందల పైచిలుకు ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ఒక్కదాన్లోనూ మనిషి లేదు. చేతులున్న చోట పొగ, కాళ్లున్న చోట పొగ. మా అమ్మాయి తొంగిచూసి, "నాన్నా, మా టీమంతా దెయ్యాల్లా ఉన్నాం" అంది.

తప్పు కెమెరాది కాదు. సాయంత్రం పూట, చెట్ల నీడలో ఆట. నేను కెమెరాని ఆటో మోడ్‌లో పెట్టి వదిలేశాను. వెలుతురు చాలక, కెమెరా తనంతట తాను షట్టర్ స్పీడుని, అంటే తన కంటిరెప్ప తెరిచి మూసే వేగాన్ని, సెకనులో అరవయ్యో వంతుకి దించేసుకుంది. మనకది రెప్పపాటు కూడా కాదు. కూతకి వెళ్లిన పిల్ల విసిరిన కాలికి మాత్రం బోలెడు టైము. ఆ కాలు సెకనుకి 10 మీటర్ల వేగంతో లేచిందనుకోండి, అరవయ్యో వంతులో దాదాపు 17 సెంటీమీటర్లు పోతుంది. దగ్గర దగ్గర జానెడు. ఆ జానెడు మేరా ఫొటోలో అలికేసినట్టు పడుతుంది. అదే సెకనులో వెయ్యో వంతు పెడితే కదిలేది ఒక్క సెంటీమీటరు. పాదం పాదంలాగే వస్తుంది.

అందుకని కెమెరా ఉన్నవాళ్లు చేయాల్సిన మొదటి పని, పైన తిప్పే బిళ్ల మీద ఎస్ అనో టీవీ అనో ఉన్నచోట పెట్టి, షట్టర్ స్పీడు వెయ్యికి కట్టేయడం. వెలుతురు తగ్గితే ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే అంకె, పెంచండి. 1600, 3200, భయపడకండి. ఫొటో ఇసక చల్లినట్టు గరుగ్గా వస్తుందని కొందరు బాధపడతారు. గరుకు ఫొటోలో పిల్లని గుర్తుపట్టొచ్చు, అలికిన ఫొటోలో కన్నతల్లి కూడా పట్టలేదు. ఫోనుతో తీసేవాళ్లకి ఒక్కటే మాట: వేళ్లతో జూమ్ చేయకండి, కాళ్లతో దగ్గరికెళ్లండి.

దగ్గరికంటే మరీ దగ్గరికి కాదు. అది నాకు తగిలి తెలిసింది. ఒక సంక్రాంతి పోటీల్లో, మంచి ఫొటో దొరుకుతుందని లాబీ గీత మీదకి జరిగిపోయాను. పట్టుకున్న పిల్లలు పట్టుకున్నట్టే కూత పిల్లని బయటికి ఈడ్చేశారు, ఆ మోపంతా నామీద పడింది. కెమెరా అంచు తగిలి పాపం ఆ పిల్ల మోచేయి చీరుకుపోయింది. రిఫరీ విజిల్ వేసి ఆట ఆపేశాడు. డ్రిల్ మాస్టారు వచ్చి, "ఏటి బాబూ, అవతల ఏడుగురు చాలరని ఎనిమిదోవాడివి నువ్వు దిగావా?" అన్నారు. షాపులో అమ్మే దూదీ, అయోడినూ ఆ రోజు జేబులో లేవు. అప్పట్నుంచి గీతకి రెండు బారల అవతలే కూర్చుంటున్నాను. అవును, కూర్చునే. నిలబడి తీస్తే పిల్లల నడినెత్తులు వస్తాయి. సాయంత్రం ఆటైతే పడమటి వైపు కూర్చుంటే ఎండ మన వీపు మీద, వెలుతురు వాళ్ల మొహాల మీద.

అన్నిటికన్నా ముఖ్యం ఆట తెలియడం. కాలు లేచింది కదా అని నొక్కితే, నొక్కేసరికి దిగిపోతుంది. లేవబోతోందని ముందే తెలియాలి. కబడ్డీలో అవతల ఆరుగురో ఏడుగురో ఉంటేనే, వాళ్ల వెనక వైపున్న బోనస్ గీత దాటినందుకు పాయింటు. కాబట్టి నేను ముందు తలలు లెక్కపెడతాను. ఆరుగురున్నారా, చూపు గీత దగ్గర పాదం మీద. అయిదుగురికి తగ్గారా, ఇక ఆ గీతతో పని లేదు, కూతకొచ్చిన పిల్ల చేత్తో ముట్టుకోడానికే చూస్తుంది. ముగ్గురే మిగిలారా, కెమెరా ఆ ముగ్గురి మీదకి తిప్పేయండి. అప్పుడు పట్టుకుంటే రెండు పాయింట్లు, అందుకని బెదురుతూనే తెగిస్తారు. బెదురూ తెగింపూ రెండూ ఒకే మొహంలో కనబడేది అప్పుడే.

ఇక మా పక్క ఊరు కొండవెలగాడ. బరువులెత్తే పిల్లలకి పేరుపడ్డ ఊరు. అసలు మన ఉమ్మడి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో బలానికి పెద్ద వంశవృక్షమే ఉంది. గుండెల మీద గొలుసులు తెంచిన కోడి రామ్మూర్తి నాయుడు గారిది వీరఘట్టం, శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఒక్క ఊపులో నెత్తి మీదకెత్తే స్నాచ్‌లో 110, భుజాల దాకా ఎత్తి ఆపి పైకి నెట్టే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. కొండవెలగాడ మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. తర్వాత, మొదటి స్థానంలో ఉన్నామె డోపింగులో దొరికితే, సంతోషి కాంస్యం కాస్తా వెండి అయింది. పతకాలిచ్చే మెట్ల దగ్గర ఫొటో కోసం తోసుకునేవాళ్లని చూస్తే నాకిదే గుర్తొస్తుంది. ఆ మెట్టు మీది ఫొటో కూడా ఒక్కోసారి అబద్ధమైపోతుంది.

బరువుల దగ్గర ఫొటో తీసేవాడికి ఒక సుఖముంది. పేరు పిలిచాక ఎత్తడానికి నిమిషం గడువుంటుంది. పిల్ల సుద్ద రాసుకుంటుంది, గాలి పీలుస్తుంది, వంగుతుంది. మనం సర్దుకోవచ్చు. ఫ్లాష్ మాత్రం ముట్టుకోకూడదు, కళ్లలో మెరిస్తే బరువు మీద పడొచ్చు. హాల్లో ట్యూబులైట్లుంటే ఇంకో తంటా. మన కరెంటుకి అవి సెకనులో 100 సార్లు మినుకుమంటాయి, కంటికి తెలియదు. వెయ్యో వంతు పెడితే ఒక ఫొటో పసుపు, ఒకటి నలుపు. అక్కడ వందో వంతుకి దిగి, బార్ పైకెళ్లి ఆగిన క్షణం నొక్కితే సరిపోతుంది.

అలాంటి ఒక పోటీలో ఒక అమ్మాయి చేతులు తీశాను. చేతులు మాత్రమే. సుద్ద అంటిన వేళ్లు, బొటనవేలికి చుట్టిన తెల్ల ప్లాస్టర్, గోళ్ల చివర్న మిగిలిపోయిన పాత గోరింటాకు. నేను తీసినవాటిల్లో ఇంత మంచిది లేదనుకున్నాను. విజయనగరం స్టూడియోలో పెద్ద సైజు ప్రింటు వేయించి, ఆ అమ్మాయి వాళ్లింటికెళ్లి వాళ్లమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ తిప్పి తిప్పి చూసింది.

"బాగుంది గానీ, మా గుంట మొకం నేదేటి బాబూ?" అంది. "సేతులు ఎవులివైనా ఒకలాగే ఉంటాయి కదా."

నా దగ్గర జవాబు లేదు. వాళ్లింట్లో ఆ పిల్ల ఫొటో అంటూ ఉన్నది హాల్ టికెట్ కోసం తీయించిన పాస్‌పోర్టు సైజు ఒక్కటే. అప్పట్నుంచి నేను వెళ్లిన ప్రతి పోటీలో పిల్లలందరికీ ఒక్కటైనా మొహం తీస్తున్నాను, బెంచీ మీద కూర్చున్న అదనపు ఆటగాళ్లతో సహా. వాళ్లకే ఫొటోలుండవు. ముందు మాస్టారినీ, ఇంట్లోవాళ్లనీ అడుగుతాను. ఆడపిల్లలవి స్టేటస్‌లో పెట్టను. ఒంటికి అతుక్కునే దుస్తుల్లో కొన్ని ఫొటోలు మన ఉద్దేశం ఏదైనా ఎబ్బెట్టుగా వస్తాయి, వాటిని అక్కడే చెరిపేస్తాను. వాట్సాప్‌లో పంపాల్సొస్తే డాక్యుమెంటుగా పంపుతాను, లేకపోతే ఫొటోని నలిపేసి ఇస్తుంది.

చేతుల ఫొటో సంగతి చెబుతున్నాను కదా. నేను బిక్కమొహం వేసుకుని నిలబడితే ఆ అమ్మాయి వచ్చి ప్రింటు లాక్కుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. "బాబాయ్, ఇది మూడో లిఫ్ట్‌ది కదూ? చూడండి, కుడి బొటనవేలు మిగతా వేళ్ల కింద సరిగా పడలేదు. అందుకే జారిపోయింది" అంది. నేను గోరింటాకు చూశాను, వాళ్లమ్మ మొహం వెతికింది, ఆ పిల్ల తప్పు పట్టుకుంది. "ఈసారి పక్క నుంచి తీయండి బాబాయ్. బార్ ఒంటికి ఎంత ఎడంగా వస్తోందో చూసుకోవాలి" అని కూడా చెప్పింది.

కెమెరా ఒక్కటే, నేనూ ఒక్కణ్నే. అదృష్టం కొద్దీ స్నాచ్‌లో మూడు ప్రయత్నాలుంటాయి. మొదటిది ఎదురుగా నిలబడి వాళ్లమ్మ కోసం తీస్తున్నాను. రెండోది పక్కకెళ్లి ఆ పిల్ల కోసం. మూడోది నాది.

నమస్కారం.