అడిగి కట్టిన ఇళ్ళు: మినెట్ డి సిల్వా

అందరికీ నమస్కారం.

మా అమ్మమ్మగారిది కోనసీమలో పెద్ద మండువా లోగిలి. వాన వస్తే నాలుగు చూర్ల నుంచీ నీళ్ళు నడిమధ్యకు దూకేవి. పిల్లలం గంగాళాలూ బిందెలూ తెచ్చి ఆ ధారల కింద పెట్టేవాళ్ళం. ఒక్కో పాత్రది ఒక్కో చప్పుడు. అమ్మమ్మ వంటింటి ముందు పీట వేసుకుని కూర్చుంటే వీధి తలుపు నుంచి పెరటి తలుపు దాకా ఇల్లంతా ఆమె కంటి ముందే ఉండేది. ఎవరు వచ్చారో, ఎవరు ఇంకా భోజనం చేయలేదో, ఏ పిల్ల అలిగి మూల కూర్చుందో ఆమెకు లేవకుండానే తెలిసేది.

నా చదువు పూర్తయ్యే వేళకు ఆ ఇల్లు పడగొట్టి స్లాబు ఇల్లు వేశారు. ప్లాను గీయించిన మామయ్యా, గీసిన ఇంజనీరూ, కట్టిన మేస్త్రీ అందరూ మంచివాళ్ళే. గృహప్రవేశం నాడు అమ్మమ్మ గదులన్నీ తిరిగి చూసి నా చెయ్యి పట్టుకుంది. "అన్నీ బాగున్నాయి గాని, నేను ఎక్కడ కూర్చోవాలో ఎవరైనా అడిగారటే?" అంది.

నేను ఆర్కిటెక్టునయ్యాక ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే, ఇల్లు గీయడానికి ముందు మనుషుల్ని అడగడాన్నే తన వృత్తికి పునాదిగా చేసుకున్న ఒక స్త్రీ గురించి ఈ సాయంత్రం మాట్లాడాలనుకున్నాను. ఆమె పేరు మినెట్ డి సిల్వా. ఊరు శ్రీలంక కొండల్లోని కాండీ.

మినెట్ 1918లో పుట్టారు. తండ్రి జార్జ్ డి సిల్వా సింహళ బౌద్ధుడు, న్యాయవాది, రాజకీయ నాయకుడు, తరవాతి రోజుల్లో మంత్రి. తల్లి ఆగ్నెస్ నెల్ బర్గర్, అంటే సిలోన్ యూరోపియన్ సంతతి, క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చారు. ఆ రోజుల్లో ఆ పెళ్ళే ఒక సాహసం. ఆగ్నెస్ ఆడవాళ్ళకు ఓటు కావాలని పోరాడిన వాళ్ళలో ముందు వరసలో నిలిచారు. సిలోన్‌లో (శ్రీలంకకు అప్పటి పేరు) 1931లోనే స్త్రీపురుషులందరికీ ఓటు హక్కు వచ్చిందంటే అందులో ఆమె శ్రమ ఉంది. మనకు ఆ హక్కు రాజ్యాంగంతో గాని రాలేదు. ఇంట్లో రాత్రీ పగలూ సభలూ చర్చలూ నడుస్తుంటే ఆ పిల్ల కాండీ దేవాలయాల చెక్కడాలు చూస్తూ, నేతగాళ్ళ మధ్యా కుమ్మరుల మధ్యా తిరుగుతూ పెరిగింది. ఇళ్ళు కట్టే పని నేర్చుకుంటానని పట్టుబట్టింది. సిలోన్‌లో ఆ చదువు లేదు. బొంబాయి వచ్చింది.

బొంబాయిలో మిస్త్రీ అండ్ భెద్వార్ అనే సంస్థలో ఆమె పనిలో చేరారు. అక్కడ పెరీన్ మిస్త్రీతో స్నేహం కుదిరింది. పెరీన్ అప్పటికే మన దేశంలో ఆర్కిటెక్చర్ చదివి పట్టా అందుకున్న తొలి మహిళల్లో ఒకరు. ఇద్దరు ఆడపిల్లలు డ్రాయింగు బల్లల ముందు పక్కపక్కన నిలబడటం ఆ ఊరికి కొత్త దృశ్యమే అయి ఉంటుంది. తరవాత మినెట్ బొంబాయిలోనే జె.జె. కళాశాలలో ఆర్కిటెక్చర్ చదువుకు చేరారు. ఇంతలో 1942 వచ్చింది. గాంధీజీ అరెస్టుకు నిరసనగా సాగిన ఊరేగింపులో ఆమె నడిచారు. క్షమాపణ రాసిస్తే చదువు కొనసాగించవచ్చన్నారు. ఆమె రాయలేదు. బడి నుంచి పంపేశారు. మన స్వాతంత్ర్యం కోసం చదువు పోగొట్టుకున్న వాళ్ళ లెక్క తీస్తే అందులో ఒక సింహళ అమ్మాయి కూడా ఉందన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ఆ తరవాత బెంగళూరులో ఒట్టో కోనిగ్స్‌బెర్గర్ దగ్గర పనిచేశారు. హిట్లర్ జర్మనీ నుంచి బయటపడి మైసూరు సంస్థానంలో స్థిరపడిన వాస్తుశిల్పి ఆయన. వేడి దేశాల్లో ఇళ్ళు ఎలా కట్టాలన్నదే ఆయన ఆలోచనంతా. ఎండ ఏ వైపు నుంచి పడుతుంది, గాలి ఎటు వీస్తుంది, వాన ఏ మూల కొడుతుంది అన్నవి చూశాకే గోడ సంగతి. మినెట్‌కు ఈ పాఠం వంటపట్టింది. యుద్ధం ముగిశాక లండన్ వెళ్ళి ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ స్కూల్లో చదువు పూర్తి చేశారు. 1947లో ఇంగ్లండులోని బ్రిడ్జ్‌వాటర్‌లో జరిగిన ఆధునిక వాస్తుశిల్పుల మహాసభకు వెళ్ళారు. ఆ రోజుల్లోనే ఆధునిక వాస్తులో ప్రపంచమంతా పేరున్న లె కార్బుజియే‌తో పరిచయమైంది, ఉత్తరాల స్నేహం చాలా ఏళ్ళు నడిచింది. 1948లో బ్రిటిష్ వాస్తుశిల్పుల రాయల్ ఇన్‌స్టిట్యూట్‌లో అసోసియేట్‌గా ఎన్నికైన తొలి ఆసియా మహిళ ఆమె. ఆ ఏడాదే పోలండ్‌లోని వ్రోత్స్‌వావ్ శాంతి మహాసభలో తీసిన ఫోటో ఒకటి ఉంది. చిత్రకారుడు పికాసో, రచయిత ముల్క్‌రాజ్ ఆనంద్‌ల సరసన చీర కట్టుకుని మినెట్ నిలబడి ఉంటారు. ఆమె కథ చెప్పేవాళ్ళందరూ ఆ ఫోటో దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం అసలు కథ ఆమె ఇంటికి తిరిగి వచ్చాకే మొదలవుతుంది.

1949లో ఆమె కాండీకి తిరిగి వచ్చారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది. ముప్ఫై ఒక్కేళ్ళ మనిషి. తల్లిదండ్రులుంటున్న సెయింట్ జార్జెస్ ఇంట్లోనే ఆఫీసు తెరిచారు. భాగస్వామి లేడు, వెనక పెద్ద సంస్థ లేదు, దేశంలో తనలాంటి ఇంకో ఆడ ఆర్కిటెక్టు లేదు. మొదటి పని తల్లిదండ్రుల స్నేహితుల నుంచి వచ్చింది. కరుణరత్న దంపతులకు ఇల్లు కావాలి. స్థలం చూస్తే నిటారు కొండవాలు.

మామూలుగా అయితే ఏం చేస్తారు? కొండను తవ్వి, చదును చేసి, చదునైన చోట చదునైన ఇల్లు పెడతారు. మినెట్ కొండ ఎలా దిగిందో ఇంటినీ అలాగే దించారు. ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు సగం ఎత్తులో మెట్లు. ఒక గది నేల పక్క గది కంటే సగం అంతస్తు పైనో కిందో మొదలవుతుంది. గదుల మధ్య గోడలు తక్కువ, చూపు మాత్రం ఇంటి గుండా లోయ దాకా సాగిపోతుంది. కాంక్రీటు ఉంది, గాజు ఇటుకలు ఉన్నాయి. వాటి పక్కనే చేత్తో చేసిన టెర్రకోట పలకలు, స్థానిక రాయి. గోడ మీద శ్రీలంక చిత్రకారుడు జార్జ్ కీట్ వేసిన చిత్రం. తలుపులకూ పలకలకూ దుంబర చాపలు.

ఈ చాపల దగ్గర కాసేపు ఆగాలి. కాండీకి దగ్గర్లో దుంబర లోయలో కలబంద జాతి మొక్క నుంచి నార తీసి, రంగులద్ది, మగ్గం మీద చాపలు నేసే కుటుంబాలున్నాయి. ఎరుపు, నలుపు, పసుపు రంగుల్లో జింకలు, పక్షులు, గళ్ళు, త్రికోణాలు. అప్పటికి కొనేవాళ్ళు తగ్గిపోయి ఆ పని కొడిగడుతోంది. ధనిక ఇళ్ళకు సామాను ఇంగ్లండు నుంచి వచ్చేది. మినెట్ ఆ నేతగాళ్ళ దగ్గరకు వెళ్ళి కూర్చున్నారు. వాళ్ళు నేసిన చాపలను తలుపు పలకలకు వాడారు. చాప నేల మీంచి లేచి గోడెక్కింది. అలంకారంగా చివర్లో తగిలించే వస్తువు కావలసింది ఇంట్లోనే భాగమైంది. మన పోచంపల్లి నేతగాడి దగ్గర కూర్చుని కిటికీ గీసిన ఆర్కిటెక్టు నాకు ఇంతవరకూ తారసపడలేదు. నేనూ గీయలేదు, ఆ బాధ నాకుంది.

ఈ పనికి ఆమె ఒక పేరు కూడా పెట్టారు. 1950ల మొదట్లోనే దీన్ని ఆధునిక ప్రాంతీయ వాస్తు అని రాశారు. ఆ రాతలు వచ్చింది మన బొంబాయి నుంచి వెలువడిన 'మార్గ్' పత్రికలో. ముల్క్‌రాజ్ ఆనంద్ సంపాదకుడిగా 1946లో మొదలైన ఆ పత్రిక స్థాపనలో మినెట్‌కూ ఆమె అక్క అనిల్‌కూ చేయి ఉంది. ఇలాంటి ఆలోచననే పాశ్చాత్య పండితులు 1980లలో కొత్త సిద్ధాంతంగా ప్రకటించారు. వాళ్ళ పుస్తకాలు మా కాలేజీలో మాకు పాఠాలు. మినెట్ పేరు ఐదేళ్ళలో ఒక్కసారీ వినలేదు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

కొలంబోలో 1950ల మధ్య ఆల్‌ఫ్రెడ్ హౌస్ గార్డెన్స్‌లో కట్టిన పీరిస్ ఇల్లు ఆమె పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టం. 'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అంటారు మనవాళ్ళు. ఆ ఇంట్లో ఈ రెండూ ఒకే లెక్కగా చూశారు మినెట్. ఆ ఇంటివాళ్ళు ఏ పండుగలు చేస్తారు, ఎంతమంది వస్తారు, భిక్షువులకు దానం ఇచ్చే రోజున ఎవరు ఎక్కడ కూర్చుంటారు అన్నది ముందే ఆలోచించారు. ఇంటిని పిల్లర్ల మీద పైకెత్తి కింద గాలికీ మనుషులకూ చోటు వదిలారు. నడిమధ్య ఆకాశం కనిపించే వాకిలి. సింహళంలో దాన్ని మిదుల అంటారు. మన మండువా ఎలాగో అదీ అలాగే. నగరంలో గజం స్థలం విలువ చూసుకునే రోజుల్లో, ఆకాశానికి చోటు వదలడానికి ఇంటివాళ్ళను ఒప్పించడం చిన్న విషయం కాదు.

ఆ ఇంటి మెట్ల కమ్మీకి లక్క పని చేయించారు. ఏటికొప్పాక బొమ్మలు చూసిన వాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. కొయ్యను తరిణె మీద తిప్పుతూ లక్క అదిమితే, తిరుగుడు వేడికి లక్క కరిగి కొయ్యకు పట్టుకుంటుంది. కాండీ ప్రాంతపు పనివాళ్ళు లక్కను సన్నటి తీగలా సాగదీసి గోటితో కత్తిరించి అలంకరిస్తారు. రాజుల కాలంలో విసనకర్రల కాడలకూ కర్రలకూ చేసిన పని అది. రోజూ పిల్లలు చెయ్యి వేసి దిగే మెట్ల కమ్మీకి దాన్ని తెచ్చారు మినెట్. చేతి స్పర్శకు లక్క ఇంకా నునుపు తేలుతుంది. వాడుకతో అందం పెరిగే వస్తువును వాడుక ఉన్న చోటే పెట్టారు.

అయితే ఇవన్నీ డబ్బున్న వాళ్ళ ఇళ్ళు కదా అని మీలో ఎవరికైనా అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అప్పుడు వటపులువ గురించి చదివాను.

కాండీ అంచున వటపులువలో ప్రభుత్వోద్యోగుల కోసం రెండు వందలకు పైగా ఇళ్ళ కాలనీ తలపెట్టారు. 1950ల రెండో సగంలో ఆ పని మినెట్‌కు వచ్చింది. ఒకే నమూనా గీసి రెండు వందల సార్లు అచ్చు గుద్దినట్టు దించడం ఇలాంటి కాలనీల్లో రివాజు. ఆమె ముందుగా ప్రశ్నల పట్టిక తయారుచేసి ఇంటింటికీ పంపారు. ఆ కుటుంబాలతో కూర్చుని మాట్లాడారు. ఎంతమంది, ఏ మతం, వంట ఎలా, ఎంత పెట్టగలరు, ఏం కావాలి. ఆ కాలనీలో సింహళీయులు, తమిళులు, ముస్లింలు, బర్గర్లు అందరూ ఉన్నారు. జవాబుల నుంచి కొన్ని రకాల ఇళ్ళు తేల్చారు. ఆపైన ఒక్కో కుటుంబం అవసరాన్ని బట్టి, ఆ స్థలం వాలును బట్టి వాటిని మార్చారు. చెట్లనూ కొండ దిగుడునూ వీలైనంత వరకు అలాగే ఉంచారు. ఇప్పుడు దీన్ని ప్రజల భాగస్వామ్యం అని పెద్ద పేరుతో పిలుస్తున్నాం. అప్పటికి ఆ పేరు లేదు. ఒక స్త్రీ రెండు వందల ఇళ్ళవాళ్ళను కూర్చోబెట్టి 'మీరు ఎలా బతుకుతారు' అని అడిగింది, అంతే. ఇది చదివిన రాత్రి మా అమ్మమ్మ ఆ పట్టికలో ఏం రాయించేదో ఊహించుకుంటూ చాలాసేపు మెలకువగా ఉన్నాను.

ఇంత చేసినామెకు ఏం దక్కింది? 1960లు వచ్చేసరికి పనులు తగ్గాయి. తల్లి పోయారు. శ్రీలంకకే చెందిన మరో ఆర్కిటెక్టు జెఫ్రీ బావా పేరు పైకి వచ్చింది. నడివాకిలి, స్థానిక పనివాళ్ళు, పెంకుల కప్పు అనగానే ప్రపంచం ఇప్పుడు ఆయననే తలుచుకుంటుంది. బావా గొప్ప వాస్తుశిల్పి, అందులో సందేహం లేదు. కానీ ఆయన వృత్తిలో అడుగుపెట్టింది 1957 తరవాత. అప్పటికి పీరిస్ ఇంట్లో మిదుల మీద వానలు కురుస్తూనే ఉన్నాయి. తన రంగంలో ఒంటరి ఆడదానిగా పనిచేయడం వల్ల కాంట్రాక్టర్ల దగ్గరా, ప్రభుత్వం దగ్గరా ఎదురైన అపనమ్మకం గురించి మినెట్ స్వయంగా రాసుకున్నారు. ఆ ఒక్క కారణమే అంతా అని నేను చెప్పను. పట్టుదల గల మనిషి, రాజీ పడలేదు. అవే లక్షణాలు మగవాడిలో ఉంటే మేధావి అన్నారు, ఆమెలో ఉంటే కష్టమైన మనిషి అన్నారు.

1970లలో ఆఫీసు మూసి లండన్ వెళ్ళారు. బానిస్టర్ ఫ్లెచర్ పేరుతో తరతరాలుగా వస్తున్న వాస్తు చరిత్ర గ్రంథంలో ఆసియా భాగాలు రాశారు. హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో కొన్నేళ్ళు ఆసియా వాస్తు పాఠాలు చెప్పారు. మళ్ళీ కాండీకే వచ్చారు. 1980లలో కాండీ కళాకేంద్రం కట్టారు. దేశపు వాస్తుశిల్పుల సంస్థ 1996లో బంగారు పతకం ఇచ్చింది. రెండేళ్ళకే, 1998 నవంబరులో, ఎనభై ఏళ్ళ వయసులో, చేతిలో డబ్బు లేని స్థితిలో ఆమె కాండీ ఆసుపత్రిలో కన్నుమూశారు. తన జీవితాన్నీ పనినీ ఒకచోట కూర్చిన పుస్తకం ఆ ఏడాదే వచ్చింది.

ఆమె కట్టిన ఇళ్ళలో చాలా వాటిని పడగొట్టారు. ఆమె ఆఫీసు నడిపిన సెయింట్ జార్జెస్ ఇల్లు శిథిలమైంది. 2022లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వాళ్ళు దక్షిణాసియా వాస్తు మీద పెట్టిన ప్రదర్శనలో ఆమె పని చోటు చేసుకుంది. సంతోషమే. కానీ ప్రదర్శనలో ఫోటోలుంటాయి, ప్లాన్లుంటాయి. అరచేతి కింద లక్క నునుపు ఉండదు.

ఇక నా మాటలు చాలు. వెనక ఉన్నవాళ్ళు దయచేసి ఆ రెండు దీపాలూ ఆపండి. ముందుగా కరుణరత్న ఇంటి కోత చిత్రం, అంటే ఇంటిని నిలువునా కోసి లోపల చూపించే గీత, చూపిస్తాను. ఎడమ వైపు పైన ఉన్నది వీధి, కుడి వైపు కింద ఉన్నది లోయ. మధ్యలో ఆ సగం మెట్ల దగ్గర నిలబడి చూస్తే ఇంట్లో ఎవరెవరు కనిపిస్తారో మీరే లెక్కపెట్టండి. మా అమ్మమ్మ పీట వేసుకునేది సరిగ్గా అక్కడే.