శాతం పెరిగితే స్పిరిట్ శుద్ధమైనట్టేనా?

[దృశ్యం: హైదరాబాద్‌లో డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్. హీటింగ్ మ్యాంటిల్ (కరెంటు హీటర్) మీద 500 మి.లీ. గుండ్రటి ఫ్లాస్క్, దానిపై ఫ్రాక్షనేటింగ్ కాలమ్ (ఆవిరి ఎక్కే నిలువు గొట్టం)]

ఫ్లాస్క్‌లో 200 మి.లీ. ద్రవం ఉంది. ఐదో వంతు ఇథనాల్ (ఆల్కహాల్), మిగతాది నీళ్లు. స్వేదనం చేసి, అంటే మరిగించి ఆ ఆవిరిని చల్లార్చి, ఈ ఇథనాల్‌ని వేరు చేస్తాం. వేడి పెట్టకముందే రెండు మూడు పింగాణీ ముక్కలు వేయాలి. మరుగుతుండగా గుర్తొచ్చి వేశారో, ద్రవం ఒక్కసారిగా పొంగి కాలమ్‌లోకి ఎగదన్నుతుంది. ఇథనాల్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి మంట వద్దు. లైసెన్స్ లేకుండా ఇంట్లో సారా తీయడం నేరం, ప్రమాదం కూడా.

[క్లోజప్: థర్మామీటర్ బల్బు]

బల్బు సరిగ్గా పక్కగొట్టం మూతి ఎత్తులో ఉండాలి. పైకి జరిగితే ఆవిరి తగలక రీడింగ్ తగ్గుతుంది. ఇక్కడ 77 డిగ్రీలకి కాస్త అటూ ఇటూగా ఉంది. పుస్తకంలో 78 దాటి ఉంటుందే! థర్మామీటర్ బాగానే ఉంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి దాదాపు ఒకటిన్నర డిగ్రీ ముందే మరుగుతుంది. మన దగ్గర నీళ్లు కూడా 98 దగ్గరే మరుగుతాయి.

[యానిమేషన్: కాలమ్ లోపల]

ఆవిరి పైకెక్కుతూ చల్లబడి కిందికి జారుతుంది, మళ్లీ ఆవిరవుతుంది. ప్రతిసారీ అందులో ఇథనాల్ వాటా పెరుగుతుంది. వేడి ఎక్కువ పెడితే దిగాల్సిన ద్రవాన్ని ఆవిరే పైకి నెట్టేస్తుంది, కాలమ్ నిండిపోతుంది. ఆవిరిని చల్లార్చే కండెన్సర్ నుంచి రెండు సెకన్లకో చుక్క పడితే చాలు.

కాలమ్ ఎంత పొడవున్నా, మామూలు ఒత్తిడిలో బరువు ప్రకారం 95.6 శాతం దాటదు. అక్కడ ద్రవంలో ఏ నిష్పత్తి ఉందో ఆవిరిలోనూ అదే. దీన్ని అజియోట్రోప్ అంటారు. ఆ మిగిలిన నీళ్లను తీసేయడానికి ఒకప్పుడు బెంజీన్ కలిపి స్వేదనం చేసేవారు. ఇథనాల్ 99 శాతం దాటేది, కానీ క్యాన్సర్ కలిగించే బెంజీన్ జాడ అందులో మిగిలేది. నీళ్లున్న 95 శాతమే దానికన్నా నయం! ఇప్పుడు జల్లెడలా పనిచేసే 3ఏ మాలిక్యులర్ సీవ్ అనే పదార్థం వాడుతున్నారు. దాని రంధ్రాలు 3 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు). నీటి అణువు దూరుతుంది, ఇథనాల్ పట్టదు.

[దృశ్యం: జాడీలో తేలుతున్న హైడ్రోమీటర్]

హైడ్రోమీటర్ కొలిచేది సాంద్రతనే. ఇథనాల్‌ది మి.లీ.కి 0.789 గ్రాములు, విషమైన మరో ఆల్కహాల్ మిథనాల్‌ది 0.79. రెంటికీ తేడా దానికి తెలియదు, వాసనా పట్టివ్వదు. మొదట వచ్చే భాగం పారబోస్తే మిథనాల్ అంతా పోతుందన్న నమ్మకమూ తప్పే, కొంత తర్వాతి భాగాల్లోనూ వస్తూనే ఉంటుంది. ఎంతుందో తేల్చాలంటే అందులోని పదార్థాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ చేయాల్సిందే.