ఇల్లు లేనివారికి, ఆకలితో ఉన్నవారికి రోజువారీగా మనం చేయగలిగిన సాయం

(వీడియో స్క్రిప్ట్)

[తెరపై: పక్కపక్కన రెండు బొమ్మలు. ఒకదానిలో ఖాళీ డబ్బాలున్న వంటగది, రెండోదానిలో రోడ్డు పక్కన ఒక మూట.]

వ్యాఖ్యాత: ఆకలితో ఉన్నవారికి సాయం చేయాలనుకున్నప్పుడు మన మనసులో సాధారణంగా ఒకే దృశ్యం మెదులుతుంది: ఫుట్‌పాత్ మీద కూర్చున్న ఒక మనిషి, ఆయన చేతికి మనం అందించే భోజనం పొట్లం. అయితే మన సాయం అవసరమైనవారందరూ ఒకే పరిస్థితిలో లేరు. కొందరికి ఇల్లుంది, పొయ్యి ఉంది, కాని నెలాఖరు వచ్చేసరికి వండుకోవడానికి సరుకులుండవు. మరికొందరికి సరుకులు దొరికినా వండుకునే చోటు లేదు. ముడిసరుకుల సంచి మొదటివారికి పది రోజుల నిశ్చింతనిస్తే, రెండోవారికి అది రోజంతా మోసుకు తిరగవలసిన బరువవుతుంది. మంచి మనసుతో చేసిన దానం చాలాసార్లు వృథా అయ్యేది ఈ తేడాను గమనించకపోవడం వల్లనే.

ఇల్లు లేకపోవడంలో కూడా తేడాలున్నాయి. నిరాశ్రయుల కోసం పనిచేసే సంస్థల యూరోపియన్ సమాఖ్య ‘ఫెయాంట్సా’ 2005లో ‘ఈతోస్’ అనే వర్గీకరణను రూపొందించింది. దాని ప్రకారం ఆరుబయట పడుకునేవారు ఒక వర్గం మాత్రమే. షెల్టర్లలో తాత్కాలికంగా తలదాచుకుంటున్నవారు, ఏ క్షణాన ఖాళీ చేయవలసి వస్తుందో తెలియని చోట ఉంటున్నవారు, మనుషులు ఉండటానికి పనికిరాని నివాసాల్లో కాలం గడుపుతున్నవారు మిగిలిన మూడు వర్గాలు. పరిచయస్తుల ఇంట్లో నాలుగు రోజులు, ఇంకొకరి ఇంట్లో మూడు రోజులు గడుపుతూ, ఉదయాన్నే శుభ్రంగా తయారై పనికి వచ్చే మనిషి మన కంటికి నిరాశ్రయుడిగా కనిపించడు. అటువంటివారు మనకు రోజూ ఎదురుపడుతూనే ఉండవచ్చు.

[తెరపై: రెండు అంకెలు: 67.3 కోట్లు, 105 కోట్ల టన్నులు.]

ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా ప్రకారం 2024లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 67.3 కోట్ల మంది ఆకలిని ఎదుర్కొన్నారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క ప్రకారం 2022లో దుకాణాలు, హోటళ్ళు, ఇళ్ళు కలిసి సుమారు 105 కోట్ల టన్నుల ఆహారాన్ని పారేశాయి. అందులో 60 శాతం ఇళ్ళ నుంచి పోయిందే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసి, మిగిలినదంతా పంచేస్తే సమస్య తీరిపోతుందని అనుకోవడం తొందరపాటు. మిగిలిన ఆహారానికీ ఆకలితో ఉన్న మనిషికీ మధ్య సమయం, రవాణా, నిల్వ, శుభ్రత అనే నాలుగు అడ్డంకులున్నాయి. మనం చేయగలిగిన పనుల్లో చాలా భాగం ఈ అడ్డంకులను తొలగించడమే.

[తెరపై: ఇద్దరు మనుషులు, ఒకే ఎత్తులో కూర్చొని మాట్లాడుకుంటూ.]

ఏ సాయమైనా అడగడంతోనే మొదలు కావాలి. నిద్రపోతున్నవారిని తట్టి లేపడం, వెనుక నుంచి దగ్గరకు వెళ్ళడం, నిలబడి పైనుంచి మాట్లాడటం, ఇవన్నీ వీధిలో ఉండే మనిషికి భయం కలిగిస్తాయి, ఎందుకంటే దొంగతనాలు, దాడులు జరిగేటప్పుడు కూడా మనుషులు అలాగే వస్తారు. ఎదురుగా వెళ్ళి, రెండడుగుల దూరంలో ఆగి, వీలైతే కూర్చొని, “అమ్మా, నా దగ్గర భోజనం ఉంది, తీసుకుంటారా? ఇంకేమైనా అవసరం ఉందా?” అని అడిగితే చాలు. “ఇప్పుడే తిన్నాను బాబూ, చెప్పులు తెగిపోయాయి, అవేమైనా దొరుకుతాయా?” అనే జవాబు రావచ్చు. వద్దని చెప్పే హక్కు ఆమెకు ఉంది. వద్దన్నందుకు మనం నొచ్చుకుంటే, ఆ సాయం మన తృప్తి కోసం చేసినదే అవుతుంది. ఫోటోల విషయంలో కూడా నా అభిప్రాయం ఇదే: భోజనం అందుకుంటున్న మనిషి ముఖాన్ని ప్రపంచానికి చూపించడం ఆ భోజనానికి ధర వసూలు చేయడమే.

[తెరపై: మూతపెట్టిన వేడి గిన్నె, పక్కన గడియారం, థర్మామీటర్.]

వండిన ఆహారం పంచేవారు అన్నిటికంటే ఎక్కువగా దృష్టి పెట్టవలసింది గడియారం మీద. సూక్ష్మజీవులు 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేగంగా పెరుగుతాయి. అందువల్ల వండిన ఆహారాన్ని మామూలు ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎండ 32 డిగ్రీలు దాటినప్పుడు ఆ గడువును ఒక గంటకు తగ్గించుకోవాలని అమెరికా వ్యవసాయ శాఖ సూచిస్తుంది. విందులో పదార్థం బల్ల మీదకు చేరిన క్షణం నుంచే ఈ గడువు మొదలవుతుంది. విందు ముగిశాక, అంటే మూడు గంటల తర్వాత, పొట్లాలు కట్టి పంచడానికి బయలుదేరేసరికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. మళ్ళీ మరిగిస్తే సరిపోతుందనే నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న వంటకాల్లో పెరిగే ‘బాసిల్లస్ సీరియస్’ అనే బ్యాక్టీరియా తయారుచేసే ఒక విషం మరిగించినా నశించదు.

కడుపు చెడితే ఇంట్లో ఉండే మనకు ఒక రోజు ఇబ్బంది కలుగుతుంది. మరుగుదొడ్డి, మంచినీళ్ళు అందుబాటులో లేని మనిషికి అదే విరేచనాలు ప్రాణం మీదకు తెచ్చే ప్రమాదం. కాబట్టి పంచాలనే ఆలోచన ఉంటే వడ్డించక ముందే కొంత భాగాన్ని విడిగా తీసి, మూతపెట్టి, వేడిగానే తరలించడం మంచిది. వేడివేడి పొట్లాలను ఒకదానిపై ఒకటి పేర్చి సంచిలో బిగించకూడదు. మధ్యలో ఉన్న పొట్లాలు ఆవిరి పట్టి, గోరువెచ్చగా మారి, చాలాసేపు అలాగే ఉండిపోతాయి. సూక్ష్మజీవులకు కావలసింది అదే. ప్రతి పొట్లం మీద వండిన సమయం, అందులో ఏముందో రెండు మాటల్లో రాయాలి, ఎందుకంటే వేరుశనగ, పాలు, గుడ్డు వంటివి పడనివారు అందరిలోనూ ఉంటారు. పళ్ళ సమస్యలున్నవారు చాలామంది ఉంటారు కాబట్టి గట్టిగా నమలవలసిన పదార్థాల కంటే మెత్తనివి మేలు.

ఇక్కడ అరుదైనదే అయినా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. రోజుల తరబడి ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా కడుపు నిండా పెట్టడం ప్రమాదకరం. రక్తంలో ఫాస్ఫేట్ వంటి లవణాలు హఠాత్తుగా పడిపోయి, గుండె లయ తప్పవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పుడు నిర్బంధ శిబిరాల నుంచి విముక్తులైనవారిలో వైద్యులు ఈ ప్రమాదాన్ని చూశారు. అటువంటి మనిషి ఎదురైతే కొద్దికొద్దిగా పెడుతూ వైద్య సాయం కోసం ఫోన్ చేయాలి.

[తెరపై: గోదాము, అరల్లో సరుకులు.]

ముడిసరుకులు, ప్యాకెట్ ఆహారం ఇవ్వడానికి సరైన చోటు ఫుడ్ బ్యాంక్. ఈ ఆలోచన 1967లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో రూపుదిద్దుకుంది. అక్కడ ఒక భోజనశాలలో స్వచ్ఛందంగా పనిచేస్తున్న జాన్ వాన్ హెంగెల్‌కు, దుకాణాల చెత్తడబ్బాల నుంచి ఏరిన ఆహారంతో పిల్లలను పోషిస్తున్న ఒక తల్లి పరిచయమైంది. పారేసే ఆహారాన్ని జమచేసి, అవసరమైనవారు తీసుకోవడానికి వీలుగా బ్యాంకు వంటిది ఉంటే బాగుంటుందని ఆమె అన్న మాట నుంచి సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్ పుట్టింది.

ఫుడ్ బ్యాంకుకు వెళ్ళే ముందు వారికి ఏది తక్కువగా ఉందో అడగాలి. అందరూ ఇచ్చేవి గుట్టలుగా పడి ఉంటాయి, వంటనూనె, మాంసకృత్తులున్న పదార్థాలు, పసిపిల్లల ఆహారం, డైపర్లు తరచూ నిండుకుంటాయి. ‘యూజ్ బై’ తేదీ ఆహార భద్రతకు సంబంధించినది, అది దాటినది ఇవ్వకూడదు. ‘బెస్ట్ బిఫోర్’ తేదీ రుచికీ నాణ్యతకూ సంబంధించినది కనుక, అది దగ్గరపడినవి తీసుకుంటారేమో అడిగి ఇవ్వవచ్చు. మన ఇంట్లో తినడానికి మనకే మనసొప్పని డబ్బాను వదిలించుకోవడానికి దానం అనే పేరు పెట్టడం సరికాదు. సరుకు కొనిచ్చే బదులు నగదు ఇస్తే, టోకు ధరకు కొనగలిగే ఫుడ్ బ్యాంక్ అదే మొత్తంతో మనకంటే చాలా ఎక్కువ కొనగలదు. చేత్తో సంచి ఇచ్చినంత తృప్తి దీనిలో ఉండదన్నది నిజమే.

[తెరపై: ఒక జత పొడి సాక్సులు, పక్కన తడిసిన బూటు.]

వస్తువుల్లో పాత బట్టలు కావలసినన్ని వస్తాయి. కొత్త సాక్సులు, కొత్త లోదుస్తులు చాలా తక్కువగా వస్తాయి, ఎందుకంటే వాడినవి ఎవరూ ఇవ్వరు, కొత్తవి కొనాలని ఎవరికీ తోచదు. రోజంతా నడిచి, రాత్రి బూట్లు విప్పితే ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని వాటితోనే పడుకునే మనిషి పాదాలను ఒకసారి ఊహించండి. తడి ఆరని సాక్సుల్లో చర్మం తెల్లగా నాని, మొద్దుబారి, తర్వాత వాచి, పగిలి, చీము పడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నీళ్ళు నిలిచిన కందకాల్లో సైనికులకు వచ్చిన ‘ట్రెంచ్ ఫుట్’ ఇదే, దీనికి గడ్డకట్టించే చలి కూడా అక్కరలేదు. రెండు జతల సాక్సులుంటే ఒకటి ఆరేలోగా ఇంకొకటి తొడుక్కోవచ్చు. శానిటరీ ప్యాడ్లు, చిన్న సబ్బు, టూత్‌బ్రష్, గోళ్ళు కత్తిరించుకునే కట్టర్, వాన నీరు చొరబడని సంచి, ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి. ఏ వస్తువైనా మోసుకు తిరగడానికి వీలైనంత చిన్నదిగా ఉండాలి.

చేతికి డబ్బు ఇవ్వాలా వద్దా అన్న వాదన ఎప్పటికీ తెగదు. ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, ఇచ్చాక దాని లెక్క అడగకండి. ఇవ్వలేకపోతే ముఖం తిప్పుకోకుండా “ఇప్పుడు ఇవ్వలేనండీ” అని చెప్పండి.

[తెరపై: ఒకవైపు చలిరాత్రి, మరోవైపు మిట్టమధ్యాహ్నం ఎండ.]

చలికాలంలో శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే అది ప్రాణాపాయం. మొదట వణుకు, తర్వాత మాట ముద్దగా రావడం, తడబాటు, మగత కనిపిస్తాయి. వణుకు ఆగిపోవడం కోలుకున్నట్టు కాదు, పరిస్థితి విషమించినట్టు. చాలామంది దీనిని తాగిన మత్తుగా భావించి దాటిపోతారు. మద్యం ఒంటికి వేడి ఇస్తుందనే నమ్మకం కూడా తప్పు: అది చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేసి శరీరపు వేడిని బయటకు పోనిస్తుంది. అటువంటి మనిషికి తడి బట్టలు మార్చి, ఛాతీ, మెడ, పొట్ట ముందుగా వెచ్చబడేలా కప్పాలి, చేతులూ కాళ్ళూ గట్టిగా రుద్దకూడదు. నేల కూడా వేడిని లాగేస్తుంది కాబట్టి పైన కప్పే దుప్పటితో పాటు కింద అట్టముక్కలైనా పరచాలి. ఎండ దెబ్బ తగిలి ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతుంటే నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, గాలి తగిలేలా చూడాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్ళు పోయకూడదు. ఈ రెండు సందర్భాల్లోనూ మొదటి పని అంబులెన్సుకు ఫోన్ చేయడమే.

[తెరపై: ప్లాస్టిక్ కవరులో కాగితాలు, ఛార్జింగ్‌లో ఫోన్.]

వీధిలో బతికేవారు చాలా తరచుగా పోగొట్టుకునేవి గుర్తింపు పత్రాలు. అవి లేకపోతే ప్రభుత్వ సాయం, ఉద్యోగం, బ్యాంకు ఖాతా, అద్దె ఇల్లు, అన్నిటి తలుపులూ మూసుకుంటాయి. దరఖాస్తు నింపడంలో తోడ్పడటం, ఆఫీసుకు వెంట వెళ్ళి వరుసలో నిలబడటం, ఫోన్ ఛార్జింగ్‌కు చోటివ్వడం, ఇవన్నీ దాదాపు ఖర్చులేని పనులు. దుకాణం నడిపేవారైతే మరుగుదొడ్డిని వాడుకోనివ్వడం ఒక పూట భోజనానికి తక్కువ సాయమేమీ కాదు.

ఇల్లు ఇంకా పోగొట్టుకోని మనిషికి చేసే సాయం గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. ఇల్లు పోయాక మళ్ళీ సంపాదించుకోవడం కంటే పోకుండా ఆపడం ఎంతో సులువు. ఉద్యోగం పోయినవారికి, ఆసుపత్రి ఖర్చుల్లో కూరుకుపోయినవారికి ఒక నెల అద్దె సర్దడం, యజమానితో గడువు కోసం మాట్లాడి పెట్టడం, ఉచిత న్యాయ సలహా దొరికే చోటు చూపించడం వంటివి పెద్ద పతనాన్ని ఆపగలవు.

[తెరపై: ఒక తలుపు, తాళంచెవి.]

నిరాశ్రయులు ముందు చికిత్స పొంది, మత్తు అలవాట్లు మానుకున్నాకే ఇల్లు ఇవ్వాలన్న పాత పద్ధతిని మనస్తత్వవేత్త శామ్ త్సెంబెరిస్ 1992లో న్యూయార్క్‌లో ‘పాత్‌వేస్ టు హౌసింగ్’ అనే సంస్థ ద్వారా తలకిందులు చేశారు. ముందు ఇల్లు, దాని తర్వాతే చికిత్స, ఉద్యోగం అన్నది ఆయన పద్ధతి. కెనడాలో 2009 నుంచి 2013 వరకు ఐదు నగరాల్లో జరిగిన ప్రయోగంలో, ఈ పద్ధతిలో ఇల్లు పొందినవారు మామూలు సేవలు పొందినవారి కంటే ఎక్కువ కాలం స్థిరమైన నివాసంలో నిలిచారు. ఇదంతా ప్రభుత్వాలు చేయవలసిన పని అనిపించవచ్చు, కాని ఇటువంటి ఇళ్ళకూ షెల్టర్లకూ స్థలం ఎంపిక చేసేటప్పుడు ముందుగా వచ్చే అభ్యంతరం చుట్టుపక్కల ఇళ్ళ నుంచే. ఆ సమావేశానికి వెళ్ళి, “మా వీధిలో పెట్టండి” అని చెప్పే ఒక్క మనిషి విలువ ఎన్నో దుప్పట్లకు సమానమని నేను అనుకుంటాను.

స్వచ్ఛందంగా పనిచేయాలనుకునేవారు సెలవు రోజులను కాకుండా మామూలు పనిదినాలను ఎంచుకోవాలి. పండుగ రోజుల్లో వడ్డించడానికి జనం ఎక్కువై, ఆ తర్వాతి వారమంతా గిన్నెలు కడగడానికి మనుషులు దొరకరు. దగ్గరలోని షెల్టరుకో భోజన కేంద్రానికో ఫోన్ చేసి, ఏ రోజు ఏ సమయంలో మనుషులు తక్కువగా ఉంటారో, ఏ పని మిగిలిపోతోందో అడగండి. నెలకు రెండు గంటలైనా సరే, నిలకడగా రాగలిగినంతే ఒప్పుకోండి, రాలేని రోజు ఉంటే మీ స్థానంలో మరొకరిని చూసుకునే వీలుండేలా ఒక రోజు ముందుగానే వారికి చెప్పండి.