చెరువులో మందు పోసే ముందు ఈ జిగట చూడన్నా

[కర్నూలు దగ్గర, కేసీ కాలువ పక్కన ఒక చేపల చెరువు. తెల్లవారి ఐదున్నర.]

నీళ్లలో మునిగిన ఈ రాయిని ముట్టుకుంటే వేలు జారుతుంది. గోటితో గీకితే వచ్చే ఈ జిగటను పాచి అని తీసిపారేస్తాం. చెంచా చెరువు నీళ్లలోనే బ్యాక్టీరియా లక్షల్లో ఉంటాయి. ఈ జిగటలో, అడుగు బురదలో ఇంకా కిక్కిరిసి ఉంటాయి. ల్యాబ్‌లో పెంచితే పెరిగేవి వాటిలో చాలా కొద్ది. అందుకే ఇప్పుడు నీళ్లలోంచి డీఎన్ఏ తీసి, బ్యాక్టీరియా అన్నిట్లో ఉండే 16ఎస్ అనే జన్యువును చదివి ఏమేం ఉన్నాయో చూస్తున్నారు.

[మేత చల్లుతున్న చెయ్యి.]

మనం వేసిన మేత తిన్న చేప, మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది. అది పేరుకుంటే చేపకు విషం. నైట్రోసోమోనాస్ లాంటి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తాయి. అదీ విషమే, ఎక్కువైతే చేప రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. నైట్రోస్పైరా అనే ఇంకో బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తేనే గండం గడుస్తుంది. చేప పేగులోనూ కూలీలున్నాయి: సీటోబ్యాక్టీరియం అక్కడ బి12 విటమిన్ తయారుచేస్తుంది.

మరి రోగం? ఒంటి మీద ఎర్రటి పుండ్లు తెచ్చే ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా బాగున్న చెరువులోనూ ఉంటుంది, బాగున్న చేప పేగులోనూ ఉంటుంది. చేప నీరసపడేదాకా కాచుకుని ఉంటుంది. ఆ నీరసం ఎక్కువగా ఊపిరాడకే వస్తుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. పైగా రాత్రంతా చేపలు, నాచు, బ్యాక్టీరియా అన్నీ దాన్నే పీలుస్తాయి. మన కర్నూలు ఎండల్లో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేది అందుకే.

[నీటి అంచున ఒక చచ్చిన బొచ్చె చేప.]

ఒక్క చేప తేలగానే టెన్షన్‌తో యాంటీబయాటిక్ పోసేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ మందుకు అమ్మోనియాను కడిగే బ్యాక్టీరియా కూడా చావొచ్చు. అవి రెట్టింపు కావడానికే ఇంచుమించు ఒక రోజు పడుతుంది, మళ్లీ కుదురుకోవడానికి వారాలు. అప్పటిదాకా అమ్మోనియాను ఎవరు చూస్తారన్నా?

ముందు ఆ రోజు మేత ఆపండి. నీళ్లలోకి గాలి పట్టించే ఏరేటర్ వేయండి. నీళ్లు పరీక్షించే కిట్‌తో అమ్మోనియా చూడండి. పుండ్లు కనిపిస్తే జబ్బు చేసి ఇంకా బతికున్న చేపను ల్యాబ్‌కు పట్టుకెళ్లండి. చచ్చి గంటలైనది వద్దు, దాని నిండా అప్పటికే కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఉంటుంది.