పొదుగు కోడికి నీళ్లెవరు పెడతారు?

శ్రోతలకు నమస్కారం.

కోడిని పొదగేసిన నాటి నుంచి ఇంట్లో అందరూ గుడ్లనే లెక్కపెడతారు. పదకొండు పెట్టాం కదా, ఎన్ని పిల్లలవుతాయి, అందులో పుంజులెన్ని, అని. కోడి మొహం ఎవరూ చూడరు. నేనూ అంతే. కొన్నేళ్ల కిందట ఒక మే నెలలో, అనంతపురం పక్క పల్లెలో, మా పెరటి రేకుల పంచలో ఒక నల్ల పెట్టను కూర్చోబెట్టాను. మహా పట్టుదల గల కోడి. పదహారో రోజు మధ్యాహ్నం వెళ్లి చూస్తే నోరు తెరుచుకుని, రెక్కలు రెండు పక్కలా వాల్చి, గుడ్ల మీదే ప్రాణం విడిచి ఉంది. నీళ్ల చిప్ప పెరటి ఆ చివర, చింతచెట్టు కింద. అంత దూరం గుడ్లను వదిలి పోవడానికి దానికి మనసు రాలేదేమో. అప్పటి నుంచి నేను ముందు కోడిని చూసి, తరువాత గుడ్లు చూస్తాను.

పొదుగుకు వచ్చిన పెట్టను గుర్తుపట్టడం కష్టం కాదు. గుడ్లు పెట్టడం ఆపి గూట్లోనే పడి ఉంటుంది. చెయ్యి పెడితే ఈకలన్నీ పొంగించి, గుర్రుమని పొడుస్తుంది. పొట్ట కింద ఈకలు రాలి, చర్మం వెచ్చగా చేతికి తగులుతుంది. అయినా వెంటనే మంచి గుడ్లు అప్పజెప్పకండి. రెండు రోజులు పనికిరాని గుడ్లో, నున్నటి గుండ్రాళ్లో పెట్టి చూడండి. రాళ్లను కూడా వదలని కోడిని నమ్మవచ్చు. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి రకాలు సాధారణంగా పొదగవు. వాటి గుడ్లకూ నాటు పెట్టే దిక్కు.

ఇక మన ఎండల సంగతి. గుడ్డులో పిల్ల ఎదగడానికి కావలసిన వేడి సుమారు 37.5 డిగ్రీలు. మే నెలలో మన రేకుల ఇంట్లో గాలే అంత వేడిగా ఉంటుంది. అంటే అలమరలో దాచిన గుడ్డులో కోడి కూర్చోకముందే జీవం కదిలి, సగంలో ఆగి, చచ్చిపోతుంది. తరువాత కోడిని తిట్టి లాభం లేదు. మా అవ్వ గుడ్లను నీళ్ల కుండ కింది తడి ఇసుక పక్కన, చల్లటి మూలలో పెట్టేది. నేనూ అలాగే పెట్టి, ఎండాకాలంలో మూడు నాలుగు రోజులకు మించనివ్వను.

వెదురు తట్టలో అడుగున ఇసుక, దాని మీద వరిగడ్డి, నాలుగు రెమ్మల వేపాకు. ఇంటి నిండా ఉంది కదా అని వేరుశనగ పొట్టు పోయకండి, తడి తగిలితే బూజు పడుతుంది. పెట్ట సైజును బట్టి ఎనిమిది నుంచి పన్నెండు గుడ్లు. ఒక్కో దాని మీద బొగ్గుతో గీత గీయండి, ఎందుకంటే పక్క కోళ్లు కూడా వచ్చి అదే తట్టలో పెట్టిపోతాయి. గీత లేనిది సాయంత్రం తీసేయాలి. ఉరుముకు గుడ్లు చెడతాయని కొందరు తట్టలో ఇనుప మేకు పెడతారు. ఉరుము ఎప్పుడొస్తుందా అని ఆకాశం వైపు చూసే జిల్లా మనది. పెట్టుకోండి, నష్టం లేదు.

గుడ్డు పెంకు నిండా కంటికి కనబడని సన్న రంధ్రాలుంటాయి. 21 రోజుల్లో నలభై గ్రాముల గుడ్డు సుమారు 5 గ్రాముల తేమ కోల్పోతుంది. గాలి మరీ పొడిగా ఉంటే అంతకన్నా ఎక్కువ పోయి, లోపలి పొర పిల్లకు అంటుకుపోతుంది. అందుకే మధ్యాహ్నం తట్ట చుట్టూ నేల తడపండి, గుడ్లను మాత్రం తడపవద్దు.

రోజుకొకసారి, చల్లపొద్దున, కోడి తనంతట తాను లేవకపోతే మీరే లేపండి. ముందు రెక్కల కింద చెయ్యి పెట్టి చూడండి, అక్కడ గుడ్డు ఇరుక్కుని ఉండవచ్చు. జొన్నలో సజ్జలో గింజలుగా వేయండి. తడి మేత తింటే పలచగా రెట్ట వేసి గూడు పాడుచేస్తుంది. నీళ్లు తట్టకు మూరెడు దూరంలో ఉండాలి. పక్కనే బూడిద కలిపిన మట్టి పోస్తే అందులో పొర్లి పేలు దులుపుకుంటుంది. ఆ పావుగంటలో గుడ్లు చల్లబడతాయని కంగారు పడకండి. ఒక్క పేను పట్టిన తట్ట చాలు, ఎంతటి కోడినైనా గుడ్ల మీద నుంచి లేపడానికి.

ఏడో రోజు రాత్రి, చీకట్లో, గుడ్డు మొద్దు కొసకు ఫోను లైటు ఆనించి చూడండి. సాలెగూడు లాంటి ఎర్రటి నరాలు కనిపిస్తే అది బతికిన గుడ్డు. అద్దంలా తేటగా ఉంటే తీసేయండి.

పద్దెనిమిదో రోజు తరువాత గుడ్లను కదిలించవద్దు. ఇరవయ్యో రోజు తట్టకు చెవి దగ్గరగా పెడితే లోపలి నుంచి సన్నటి కీచు వినిపిస్తుంది, దానికి తల్లి గొంతులోనే బదులిస్తుంది. ఈ మాటలు వినడానికి నేను పని మానుకుని కూర్చుంటాను. పెంకు చిట్లిన తరువాత పిల్ల బయటికి రావడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. జాలిపడి గోటితో పెంకు వలిచారంటే నెత్తురు కారుతుంది, లోపలి నరాలు అప్పటికి ఇంకా ఎండి ఉండవు. పుట్టిన పిల్లలకు మొదటి రోజు మేత కోసం కంగారు అక్కరలేదు, పచ్చసొన కడుపులోనే ఉంటుంది. వారం తిరిగేలోపు కొక్కెర తెగులు టీకా చుక్కలు మాత్రం పశువైద్యశాలలో అడిగి వేయించండి.

ఇరవై మూడో రోజుకు కూడా పగలని గుడ్లు ఒకటో రెండో మిగులుతాయి. దూరంగా గుంట తీసి పూడ్చండి. ఊపి చూద్దామనిపిస్తుంది, ఊపకండి. నేను ఒకసారి ఊపాను. ఆ చొక్కా మళ్లీ తొడగలేదు.

సెలవు.