హెసరఘట్ట పచ్చిక

శ్రోతలందరికీ నమస్కారం.

బెంగళూరులో సెలవు దొరికితే మనవాళ్లు నంది కొండకో, బన్నేరుఘట్టకో బయల్దేరతారు. ఈసారి తుమకూరు రోడ్డులో ఎయిత్ మైల్ దగ్గర కుడివైపు తిరిగి హెసరఘట్ట వెళ్లి రండి. నగరం నడిబొడ్డు నుంచి పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. అక్కడ జలపాతం లేదు, కోట లేదు. కనుచూపు మేర గడ్డి, ఒక అంచున చెరువు, అక్కడక్కడా చెట్ల గుంపులు, చుట్టూ రాగి చేలు, ద్రాక్షతోటలు. అంతే. ఆ అంతేలోనే చాలా ఉంది.

ముందు చెరువు సంగతి. నంది కొండల్లో పుట్టే అర్కావతి నదికి అడ్డంగా 1894లో దీన్ని కట్టారు. మైసూరు దివానుగా శేషాద్రి అయ్యర్ ఉన్న కాలం అది. బెంగళూరు ఇళ్లకు గొట్టాల్లో నీళ్లు రావడం ఈ చెరువుతోనే మొదలైంది. కావేరి నీళ్లు వచ్చాక నగరం దీన్ని మరిచిపోయింది. కానీ వాన పడినప్పుడు నీటిని పట్టి ఉంచి, మెల్లగా నేలలోకి దించే పని ఆ గడ్డి వేళ్లు ఇవాళ్టికీ చేస్తూనే ఉన్నాయి.

నవంబరు దాటాక వెళ్తే దూరంగా గడ్డి వైపు చూడండి. గడ్డి మీద మనిషెత్తున, రెక్కలు కాస్త పైకెత్తి, అటూ ఇటూ ఊగుతూ తేలిపోయే పొడుగు రెక్కల పక్షి కనబడుతుంది. మనవాళ్లు పిల్లిగద్ద అంటారు, పక్షుల పుస్తకాల్లో హ్యారియర్ అని ఉంటుంది. కజకిస్తాన్ మైదానాల నుంచి చలికాలానికి ఇంత దూరం వస్తుంది. ఇక్కడికొచ్చి తినేది ఎక్కువగా మిడతలను. పక్కన రాగి పండించే రైతుకు అది చేసే మేలు ఎవరూ లెక్కగట్టరు. పొద్దుగూకితే చెట్టెక్కదు, గడ్డిలోనే నేల మీద నిద్రపోతుంది. అందుకే గడ్డి పోతే దానికి రాత్రి గడిపే చోటే ఉండదు.

పిచ్చుకంత ఉండే లార్క్ పిట్టల్ని కూడా గమనించండి. మట్టి రంగు, చూపుకు ఆనవు. ఉన్నట్టుండి పొద మీంచి నిటారుగా ఎగిరి, రెక్కలు పైకి చాచి, గొడుగు విప్పినట్టు పాడుకుంటూ దిగుతాయి. కరెంటు తీగల మీద పాలపిట్ట కూర్చుని ఉంటుంది. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని మనం వెతుక్కునే పాలపిట్టే కర్ణాటకకు రాష్ట్ర పక్షి.

తీతువు పిట్ట గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. అది కూస్తే కీడని మనకొక నమ్మకం. ఒక వేసవి పొద్దున నేను దారి వదిలి రెండడుగులు పక్కకు వేశానో లేదో, తల మీదుగా గిరికీలు కొడుతూ అరవడం మొదలుపెట్టింది. గొర్రెలు మేపుకుంటున్న ముసలాయన కేకేశాడు: "ఆ పక్క పోవద్దు నాయనా, గుడ్లున్నాయి!" దొడ్డబళ్లాపురం వైపు మనిషి, తెలుగు చక్కగా మాట్లాడాడు. ఆయన కర్రతో చూపిస్తే గానీ నాకు కనబడలేదు. గూడు లేదు, పుల్లా లేదు. ఉత్త నేల మీద చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు. వాటి మీది మచ్చలూ పక్కనున్న గులకరాళ్ల రంగూ ఒకటే. వాటి మీదుగా ఒక్క కారు చక్రం వెళ్తే చాలు. ఫోటోల కోసం జీపులు, కార్లు గడ్డిలోకి తోలేవాళ్లను తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. వాన తర్వాత పడిన గాడి వెంటనే పూడదు, నీళ్లన్నీ ఆ గాడి వెంటే పారి మట్టిని కోసేస్తాయి.

ఇంకో మాట. మంచి మనసుతో ఇక్కడ మొక్కలు నాటుదామని వచ్చేవాళ్లున్నారు. దయచేసి నాటకండి. నేల మీద గుడ్లు పెట్టే పక్షికి చెట్టు నీడ మేలు కాదు, ఆ కొమ్మ మీద కాకి కాచుకుని ఉంటుంది. గడ్డికి ఎండ కావాలి. మొక్కలు నాటడానికి నగరంలో వీధులు లేవా?

ఈ నేలను కాపాడాలన్న ప్రతిపాదనను 2021లో రాష్ట్ర వన్యప్రాణి మండలి తోసిపుచ్చింది. పోరాడినవాళ్లు వదల్లేదు, కోర్టు దాకా వెళ్లారు. చివరికి 2024లో అదే మండలి సుమారు 5,678 ఎకరాలను కన్జర్వేషన్ రిజర్వుగా, అంటే చట్టం కాపాడే సంరక్షిత ప్రాంతంగా, ఒప్పుకుంది. మేత పోతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు భయపడ్డారు, ఆ భయం సహజమే. కానీ ఇలాంటి రిజర్వులో ఊరివాళ్ల హక్కులు రద్దు కావు. నిర్వహణ సంఘంలో గ్రామ పంచాయతీ ప్రతినిధి ఉండాలని చట్టమే చెబుతోంది. ఆ ముసలాయన గొర్రెలూ, ఆ తీతువూ కలిసే బతుకుతున్నాయి కదా, అలాగే ఉండనివ్వాలి.

వెళ్లేవాళ్లు పొద్దు పొడిచే వేళకు అక్కడుండేలా చూసుకోండి. తొమ్మిది దాటితే ఎండ ముదిరి పక్షులు సద్దుమణుగుతాయి. బండి తారురోడ్డు పక్కనే ఆపి, కాలిబాట మీదే నడవండి. నీళ్లు, టోపీ, ఉంటే బైనాక్యులర్ తీసుకెళ్లండి. మెజెస్టిక్ బస్టాండు నుంచి సిటీ బస్సులూ ఉన్నాయి. డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్తే తిరుగు దారిలో రోడ్డు పక్కన అనపకాయలు (సొరకాయ కాదు, చిక్కుడు జాతివి) కుప్పలు పోసి అమ్ముతుంటారు. బేరమాడకుండా కొనండి, అవి ఆ పచ్చిక పక్క చేలల్లో పండినవే.